ఉప్పు, వాకిలి, సబ్‌మెరైన్: వైజాగ్ కురుసుర ఏ దారిన వచ్చింది?

మాది ఆత్మకూర్. ఆత్మకూరులు మనకు చాలా ఉన్నాయి. నెల్లూరు దిక్కు ఒకటుంది, శ్రీశైలం పోయే దారిలో ఇంకొకటుంది. మాది పాత మహబూబ్‌నగర్ జిల్లాలోది, ఇప్పుడు వనపర్తి జిల్లాలో ఉంది. జూరాల ప్రాజెక్టుకు దగ్గర. మా ఊరోళ్ళకు సముద్రం అంటే జూరాలే. వానాకాలంలో గేట్లు ఎత్తినప్పుడు బండ్లు కట్టుకొని మరీ చూడటానికి పోతాం.

అట్లాంటి ఊరివాడు సబ్‌మెరైన్ల మీద ఎపిసోడ్ చేయడమేందని మీరు నవ్వుకోవచ్చు. కారణం మా చిన్నాయన కొడుకు. పోయిన ఎండాకాలం అందరం కలిసి వైజాగ్ పోయినం. ఆర్కే బీచ్‌లో ఒడ్డు మీద ఐఎన్ఎస్ కురుసుర ఉంటుంది కదా, టికెట్ తీసుకొని లోపలికి పోయినం. తొంభై మీటర్లకు పైగా పొడవున్న ఇనుప గొట్టం అది. లోపల గుండ్రటి తలుపులు. వంగి, కాలు ముందు పెట్టి దూరాల్సిందే. డెబ్బై మందికి పైగా మనుషులు వారాల తరబడి దాంట్లోనే తిని, దాంట్లోనే పడుకున్నారంటే ఊపిరాడనట్టు అనిపించింది. తమ్ముడు బయటికి రాగానే అడిగిండు: "అన్నా, ఘాజీని ముంచింది ఇదేనా?" కాదు అన్నాను. "మరి ఇది ఎక్కడ తయారైంది?" రష్యాలో అన్నాను. "రష్యా నుంచి ఇక్కడికి ఎట్ల వచ్చింది?"

ఆ మూడో ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి లాడ్జిలో ఫోన్‌లో మ్యాప్ తెరిచి కూర్చున్నాను. చదివిన కొద్దీ కథ పెద్దదైంది. చివరికి నాకు అర్థమైంది ఇది: వైజాగ్‌లో ఈ కథకు సంబంధించినవి రెండు సబ్‌మెరైన్లు ఉన్నాయి. ఒకటి ఒడ్డు మీద, అది కురుసుర. ఇంకొకటి నీళ్ళ అడుగున, అది ఘాజీ. రెండూ ఒక్కో లోతట్టు సముద్రంలోంచి, ఒక్కో ఇరుకు వాకిలి దాటి బయటికి వచ్చినవే. అందుకే ఈ రోజు సబ్‌మెరైన్ గురించి రెండు మాటలే పట్టుకుందాం: వాకిలి, ఉప్పు.

ముందు వాకిలి. లోతట్టు సముద్రం అంటే చుట్టూ నేల ఉండి, బయటి సముద్రంతో ఒకటో రెండో సన్నటి దారుల్లో మాత్రమే కలిసేది. ఆ దారిని జలసంధి అంటామని బడిలో చదువుకున్నాం. స్క్రీన్ మీద మ్యాప్ చూడండి. ఇక్కడ పైన నల్ల సముద్రం, కింద ఏజియన్ సముద్రం, దాని తర్వాత మధ్యధరా. ఈ రెండింటి మధ్య చిన్న నీలం మచ్చ కనబడుతోంది కదా, అదే మర్మరా సముద్రం. వైశాల్యం సుమారు 11 వేల చదరపు కిలోమీటర్లు. మన పాత మహబూబ్‌నగర్ జిల్లా 18 వేల పైచిలుకు. అంటే మా జిల్లాలో పట్టేంత సముద్రం! కానీ దానికి ఉత్తరాన బాస్ఫరస్, దక్షిణాన డార్డనెల్స్ అని రెండు వాకిళ్ళు. డార్డనెల్స్ అరవై కిలోమీటర్ల పొడవు ఉంటుంది, ఇరుకైన చోట వెడల్పు కిలోమీటరుంపావు కూడా ఉండదు. ఆ వాకిలికి గొళ్ళెం పెడితే నల్ల సముద్రం మీదున్న రష్యా రేవులన్నీ మూతపడినట్టే. ధాన్యం బయటికి పోదు, తుపాకులు లోపలికి రావు.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఒట్టోమాన్ తుర్కీ సరిగ్గా అదే చేసింది. జలసంధి నిండా మైన్లు పరిచి, రెండు ఒడ్డుల మీద ఫిరంగులు పెట్టింది. 1915 మార్చి 18న బ్రిటిష్, ఫ్రెంచ్ పెద్ద యుద్ధనౌకలు గుంపుగా దూరబోయి, మూడు నౌకలు పోగొట్టుకొని వెనక్కి మళ్ళినయి. పైనుంచి పోలేమని తేలిపోయింది. మరి కిందనుంచి?

కిందనుంచి పోవచ్చని అప్పటికే ఒక చిన్న సబ్‌మెరైన్ చూపించింది. పేరు బీ11. నీటి మీద పెట్రోల్ ఇంజిన్‌తో నడుస్తుంది, మునిగితే బ్యాటరీతో. అప్పటికే పాతబడిన మోడల్, లోపల పట్టేది పదిహేను మంది దాకా. 1914 డిసెంబర్ 13న నార్మన్ హోల్‌బ్రుక్ అనే కుర్ర లెఫ్టినెంట్ దాన్ని ఐదు వరుసల మైన్ల కింద నుంచి పోనిచ్చి, మెసూదియే అనే పాత తుర్కీ యుద్ధనౌకను టార్పెడోతో ముంచి, మళ్ళీ అదే దారిన బయటపడ్డాడు. ఒక్కమాట మధ్యలో చెప్తా. ఆస్ట్రేలియాలో జర్మన్‌టన్ అనే ఊరు ఉండేది. జర్మనీతో యుద్ధం కదా, ఆ పేరు వద్దనుకొని 1915లో హోల్‌బ్రుక్ అని మార్చుకుంది. ఆ ఊరికీ సముద్రం లేదు, చాలా దూరం. అయినా పార్కులో పెద్ద సబ్‌మెరైన్ పైభాగం పెట్టుకున్నారు. కాబట్టి ఆత్మకూరోడు సబ్‌మెరైన్ల గురించి మాట్లాడితే తప్పేం లేదు!

ఇప్పుడు రెండో మాట, ఉప్పు. ఇది మా నాయిన పొలంలో చూపిస్తే బాగా అర్థమవుతుంది. నారు పోసే ముందు వడ్లను ఉప్పునీళ్ళలో పోస్తారు. బకెట్ నీళ్ళలో ఉప్పు కలుపుతూ కోడిగుడ్డు వేసి చూస్తాడు. గుడ్డు మునిగితే ఇంకొంచెం ఉప్పు. గుడ్డు తేలి, రూపాయి బిళ్ళంత భాగం పైకి కనబడితే సరిపోయిందని లెక్క. అప్పుడు వడ్లు పోస్తే తాలు గింజలు పైకి తేలతాయి, గట్టి గింజలు అడుగుకు పోతాయి. తాలు తీసేసి, మిగిలినవి మంచినీళ్ళతో కడిగి నానబెడతాడు. మామూలు నీళ్ళలో మునిగే సగం తాలు గింజ కూడా ఉప్పునీళ్ళలో తేలుతుంది. గింజ మారలేదు, నీళ్ళు బరువెక్కినయి.

సబ్‌మెరైన్‌కు కావలసింది తేలడమూ కాదు, మునగడమూ కాదు. నీళ్ళ మధ్యలో, చెప్పిన లోతులో, అట్లాగే నిలబడాలి. అందుకు దానికి రెండు రకాల ట్యాంకులు ఉంటాయి. పెద్ద ట్యాంకుల్లోకి నీళ్ళు వదిలితే మునుగుతుంది. కంప్రెస్డ్ గాలితో ఆ నీళ్ళను బయటికి తోసేస్తే తేలుతుంది. ఇది అందరికీ తెలిసిందే. అసలు పనితనం చిన్న ట్యాంకులతో. లోపలి బరువు, బయట పక్కకు నెట్టిన నీళ్ళ బరువు సరిగ్గా సమానం చేయాలి. కూరగాయల తక్కెడ లాగ. తిండి అయిపోయినా, టార్పెడో వదిలినా, డీజిల్ కాలినా తక్కెడ మళ్ళీ సరిచేసుకోవాలి. మరి బయటి నీళ్ళే మారిపోతే?

డార్డనెల్స్‌లో అదే జరుగుతుంది. నల్ల సముద్రంలోకి డాన్యూబ్ లాంటి పెద్ద నదులు కలుస్తాయి, అందుకని అక్కడి నీళ్ళు చప్పగా ఉంటాయి. పైపొరలో లీటరుకు దాదాపు 18 గ్రాముల ఉప్పు. మధ్యధరాలో 38 దాకా. చప్పటి నీళ్ళు తేలిక కాబట్టి పైన ఏజియన్ దిక్కు పారుతాయి. ఉప్పు నీళ్ళు బరువు కాబట్టి అడుగున ఎదురు దిక్కు, అంటే మర్మరా లోపలికి పారుతాయి. ఒకే కాలువలో రెండంతస్తులు, పైఅంతస్తు ఒక దిక్కు, కిందిఅంతస్తు ఇంకో దిక్కు!

ఇప్పుడు మీరే కమాండర్ అనుకోండి. పైపొరలో తక్కెడ సరిచేసుకొని దిగుతున్నారు. ఉప్పుపొర తగలగానే సబ్‌మెరైన్ తేలిక గింజ అయిపోతుంది, ఎంత తోసినా కిందికి పోదు. సరే అని నీళ్ళు ఎక్కించారు. కిందికి దిగింది. మళ్ళీ పైకి వస్తే చప్పటి పొరలో బరువెక్కి రాయిలాగ దిగిపోతుంది. 800 టన్నుల సబ్‌మెరైన్‌కు ఒక్క శాతం తేడా అంటే ఎనిమిది టన్నులు. కాగితం మీద లెక్క చేస్తే ఒక్క శాతమే. నీళ్ళలో అది చావుబతుకుల లెక్క.

పైగా బ్యాటరీ బాధ. అప్పట్లో మునిగితే బ్యాటరీ మీదే నడవాలి. మెల్లగా పోతే గంటల తరబడి వస్తుంది, గట్టిగా తొక్కితే కాసేపట్లో అయిపోతుంది. హాట్‌స్పాట్ ఆన్ చేస్తే మీ ఫోన్ ఎట్ల పడిపోతుందో అట్ల. లోపలికి పోయేటప్పుడు పైపొర ప్రవాహం ఎదురు. ఛార్జింగ్ కావాలంటే పైకి తేలి ఇంజిన్ నడపాలి, పైకి తేలితే రెండు ఒడ్డుల నుంచి ఫిరంగులు.

1915 ఏప్రిల్‌లో ఈ15 అనే సబ్‌మెరైన్ ఇట్లాగే పోబోయి ఒడ్డుకు కొట్టుకుపోయింది, కమాండర్ చనిపోయాడు. అదే నెల 25న ఆస్ట్రేలియా సబ్‌మెరైన్ ఏఈ2 మొదటిసారి పూర్తిగా దాటి మర్మరాలోకి పోయింది. ఐదు రోజులకే అక్కడ హఠాత్తుగా అదుపు తప్పి ముక్కు పైకెత్తి తేలింది. నీళ్ళ సాంద్రత తేడాయే దీనికి కారణమై ఉంటుందని చాలామంది రాశారు. పక్కనే తుర్కీ టార్పెడో బోటు సుల్తాన్‌హిసార్ ఉంది, కొట్టింది. కమాండర్ స్టోకర్ మనుషులందరినీ బయటికి పంపి, సబ్‌మెరైన్‌ను తనే ముంచేశాడు. అందరూ బతికారు, ఖైదీలయ్యారు. ఆ సబ్‌మెరైన్ 1998లో మర్మరా అడుగున దొరికింది.

మేలో పోయిన ఈ11 కమాండర్ నాస్మిత్ మాత్రం ఈ రెండంతస్తుల నీళ్ళనే మంచంగా వాడుకున్నాడు. ఇంజిన్లు ఆపేసి, ఉప్పుపొర మీద సబ్‌మెరైన్‌ను ఆనించి, కదలకుండా నిలబెట్టేవాళ్ళు. బ్యాటరీ మిగులుతుంది, మనుషులు నిద్రపోతారు. ఆయన ఇంకో పని కూడా చేశాడు. గురి తప్పిన టార్పెడోలు మునిగిపోకుండా తేలేట్టు సెట్ చేసి, నీళ్ళలోకి దూకి ఈదుకుంటూ పోయి వాటిని వెనక్కి తెచ్చుకునేవాడు. పేలుడు మందు నిండిన టార్పెడోను చేత్తో పట్టుకొని! మే 25న ఏకంగా కాన్‌స్టాంటినోపుల్ రేవులోకే దూరి ఓడ మీద టార్పెడో వదిలాడు. దాని దెబ్బకు ఓడలమీద సైన్యాన్ని పంపడానికి తుర్కీ వాళ్ళు వెనకాడవలసి వచ్చింది, నేలమీద నడిపించవలసి వచ్చింది. ఈ కథలు చదువుతుంటే సినిమాలాగ ఉంటాయి కానీ, ముంచిన ఓడల్లోనూ మనుషులున్నారు, వెళ్ళిన సబ్‌మెరైన్లలో చాలా తిరిగి రాలేదు. అది మర్చిపోయి చప్పట్లు కొట్టబుద్ధి కాదు నాకు.

ఆ వాకిలి సంగతి ఇప్పటికీ నడుస్తోంది. 1936లో స్విట్జర్లాండ్‌లోని మాంట్రూలో ఒక ఒప్పందం జరిగింది. బయట కొన్న సబ్‌మెరైన్‌ను నల్ల సముద్రం దేశాలు తమ రేవుకు తెచ్చుకోవాలంటే పగటిపూట, నీటి మీద తేలుతూ, ఒక్కొక్కటిగా రావాలి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు తుర్కీ యుద్ధనౌకలకు వాకిలి మూసింది కూడా ఈ ఒప్పందం ప్రకారమే.

సరే, ఇప్పుడు కురుసుర. మ్యాప్‌లో పైకి, ఉత్తర యూరప్‌కు పోదాం. ఇది బాల్టిక్ సముద్రం. ఇదీ లోతట్టు సముద్రమే. డెన్మార్క్, స్వీడన్ మధ్య ఉన్న సన్నటి జలసంధులే దీని వాకిళ్ళు. మర్మరా కన్నా ఎన్నో రెట్లు పెద్దది, కానీ చాలా చప్పన. నదుల నీళ్ళు ఎక్కువ, ఎండ తక్కువ. రీగా దగ్గర లీటరుకు ఐదారు గ్రాముల ఉప్పే. మహాసముద్రంలో 35. సగటు లోతు 55 మీటర్ల చుట్టూ, సబ్‌మెరైన్‌కు అదేం లోతు! మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సబ్‌మెరైన్లు ఈ వాకిలి గుండా కూడా దూరాయి. 1915 ఆగస్టులో ఈ13 అనేది అక్కడి లోతులేని నీళ్ళలో నేలకు తట్టుకొని ఆగిపోయింది. డెన్మార్క్ ఆ యుద్ధంలో లేదు, అయినా దాని నీళ్ళలోకి వచ్చి జర్మన్ నౌకలు కాల్చినయి. పదిహేను మంది చనిపోయారు.

మన దేశానికి 1960ల దాకా సబ్‌మెరైన్ అనేదే లేదు. సోవియట్ యూనియన్‌తో ఒప్పందం చేసుకున్నాక, ఇప్పటి లాట్వియా రాజధాని రీగాలో 1967 డిసెంబర్ 8న మొదటి సబ్‌మెరైన్ ఐఎన్ఎస్ కల్వరి నౌకాదళంలో చేరింది. కమాండర్ కె.ఎస్. సుబ్రమణియన్. ఇప్పటికీ డిసెంబర్ 8న మన నౌకాదళం సబ్‌మెరైన్ దినం జరుపుకుంటుంది. తర్వాత ఖండేరి, కరంజ్, చివరికి 1969 డిసెంబర్ 18న కురుసుర. నాలుగూ రీగాలోనే.

మనోళ్ళు రష్యన్ నేర్చుకొని, మంచులో, ఆ చప్పటి సముద్రం ఒడ్డున సబ్‌మెరైన్ పని నేర్చుకున్నారు. అక్కడ సరిచేసుకున్న తక్కెడ మహాసముద్రంలోకి రాగానే చెల్లదు. నేనొక లెక్క వేశాను. మునిగినప్పుడు కురుసుర బరువు సుమారు 2,400 టన్నులు. బాల్టిక్ నీళ్ళకు, మహాసముద్రం నీళ్ళకు బరువులో తేడా రెండు శాతం దాకా. అంటే యాభై టన్నుల దరిదాపు. నాలుగైదు లారీల లోడు! అంత నీరు అదనంగా ఎక్కించుకుంటే తప్ప బయటి సముద్రంలో మునగదు.

ఇక దారి. 1967 జూన్ యుద్ధంతో సూయజ్ కాలువ మూతపడింది, 1975 దాకా తెరవలేదు. అంటే ఇంకో వాకిలి బంద్. అందుకే కల్వరి 1968 ఏప్రిల్‌లో బయలుదేరి, డెన్మార్క్ వాకిలి దాటి, ఆఫ్రికా మొత్తం చుట్టి, జులైలో విశాఖపట్నం చేరింది. మూడు నెలలు. కురుసుర 1970లో వచ్చింది. తమ్ముడి మూడో ప్రశ్నకు జవాబు ఇది.

విచిత్రం ఏమిటంటే, సరిగ్గా ఆ రోజుల్లోనే ఘాజీ కూడా అదే ఆఫ్రికాను ఎదురు దిక్కున చుట్టింది. ఘాజీ అసలు అమెరికాది, పేరు డయాబ్లో, రెండో ప్రపంచ యుద్ధం చివర్లో కట్టింది. 1964లో పాకిస్తాన్‌కు అప్పగించారు. పాతదైంది, మరమ్మతు కావాలి. 1968లో తుర్కీలోని గోల్చుక్ నౌకాశాలకు పోయింది. గోల్చుక్ ఎక్కడుందో తెలుసా? మర్మరా సముద్రం ఒడ్డున. అంటే డార్డనెల్స్ వాకిలి గుండానే లోపలికి పోయి, 1970లో బయటికి వచ్చింది.

1971 నవంబర్‌లో ఘాజీ కరాచీ నుంచి బంగాళాఖాతానికి బయలుదేరింది. అంత దూరం పోయి రాగలిగింది పాకిస్తాన్ దగ్గర అదొక్కటే. వెతికింది మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం. విక్రాంత్‌ను అప్పటికే అండమాన్ దిక్కు పంపేశారు. తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ మాత్రం అది వైజాగ్‌లోనే ఉందని నమ్మించడానికి పెద్దఎత్తున సరుకులు ఆర్డర్ పెట్టించారు. పాత నౌక రాజ్‌పుత్‌తో విక్రాంత్ మాట్లాడినట్టు వైర్‌లెస్ సందేశాలు పంపించారు.

వైజాగ్ కూడా ఒక వాకిలే చూడండి. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి సన్నటి కాలువ, దాని లోపల రేవు. ఆ వాకిట్లో మైన్లు పెడితే లోపలివి లోపల, బయటివి బయట. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక పెద్ద పేలుడు. ఊళ్ళో కిటికీలు అదిరాయి. తెల్లారి చేపలవాళ్ళకు శిథిలాలు దొరికినయి. ఘాజీలో ఉన్న తొంభై మందికి పైగా మనుషుల్లో ఒక్కరూ మిగల్లేదు. రాజ్‌పుత్ వదిలిన డెప్త్ ఛార్జీల వల్ల మునిగిందని మన నౌకాదళం అంటుంది. తన మైనే తనకు పేలిందని పాకిస్తాన్ అంటుంది. 2017లో వచ్చిన 'ఘాజీ' సినిమాలో మన సబ్‌మెరైన్ నీళ్ళలోపల దానితో పోరాడి ముంచుతుంది. రానా నటించిన ఆ సినిమా నాకూ ఇష్టమే, కానీ రికార్డుల్లో అట్లాంటి పోరాటం లేదు. ఆ యుద్ధంలో కురుసుర అరేబియా సముద్రంలో గస్తీకి పోయింది. తమ్ముడి మొదటి ప్రశ్నకు జవాబు అది.

2024లో మన నౌకాదళం ఘాజీ ఉన్న చోటును కొత్త పరికరాలతో గుర్తించిందని వార్తలొచ్చాయి. లోపల మనుషులున్నారు కాబట్టి దాన్ని తాకలేదని కూడా రాశారు. కురుసుర 2001లో పని మానేసింది, 2002 ఆగస్టు నుంచి బీచ్‌లో జనం చూస్తున్నారు.

ఇంకొక్క సంగతి. బంగాళాఖాతం కూడా కొంచెం చప్పనే. గంగ, గోదావరి, కృష్ణ కలుస్తాయి కదా, వానాకాలం తర్వాత పైపొర తేలికవుతుంది. జూరాల గేట్లు ఎత్తినప్పుడు మేము చూసే నీళ్ళలో కొన్ని చివరికి హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తాయి. అక్కడెక్కడో ఒక సబ్‌మెరైన్‌లో ఎవరో తక్కెడ సరిచేసుకుంటూ ఉంటారు.

ఇది చెప్పినంక తమ్ముడు వంటింట్లోకి పోయి రెండు గ్లాసులు, ఉప్పు డబ్బా, కోడిగుడ్డు తెచ్చి కూర్చున్నాడు. ఉప్పునీళ్ళ మీద మెల్లగా మంచినీళ్ళు పోసి, గుడ్డును సరిగ్గా మధ్యలో నిలబెట్టాలని చూశాడు. మూడోసారికి నిలబడింది. చిన్నమ్మ మాత్రం ఉప్పు డబ్బా ఖాళీ అయిందని ఇద్దరినీ తిట్టింది. మీరూ చేసి వీడియో పంపండి. ఉంటాను.